భార్యాభర్తలిద్దరం జర్మనీకి చదువుకోవడానికి వెళ్లాలంటే రెండు బ్లాక్డ్ అకౌంట్లు పెట్టక తప్పదా?

కృష్ణాతీరం

నాకూ మా వారికీ ఇద్దరికీ జర్మనీలో మాస్టర్స్ చేయాలని ఉంది. నాది కంప్యూటర్ సైన్సు, ఆయనది మెకానికల్. పెళ్లయి ఏడాది దాటింది, హైదరాబాదులో ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. 2026 అక్టోబరులో మొదలయ్యే సెమిస్టరుకు నేను మాగ్డెబర్గ్‌తో పాటు మరికొన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేస్తున్నాను. ఆయనకు బీటెక్‌లో మార్కులు తక్కువ కాబట్టి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు కష్టమని, బెర్లిన్‌లో ఒక ప్రైవేటు కళాశాలలో చేర్పిస్తే ఇద్దరూ విద్యార్థి వీసాల మీదే ఒకేసారి వెళ్లవచ్చని అమీర్‌పేటలోని ఒక కన్సల్టెంటు చెబుతున్నారు. ఆ కళాశాల ఫీజు ఏడాదికి 10,000 యూరోల పైమాట.

మా ఇద్దరి పొదుపు కలిపి 17 లక్షలుంది. మా మామగారు తెనాలిలోని ఇంటిస్థలాన్ని హామీగా పెట్టి విద్యారుణం తీసుకోమంటున్నారు. పెద్దవాళ్ల పట్టుదల ఒక్కటే, వెళితే ఇద్దరూ కలిసే వెళ్లాలని. ఆ స్థలం మా ఆడపడుచు పెళ్లికని ఉంచినది, దాన్ని తాకట్టులోకి లాగడం నాకు మనసొప్పడం లేదు. ఈ బడ్జెట్‌తో ఇద్దరం ఎలా వెళ్లాలో అక్కడున్నవాళ్లు చెప్పగలరా?

లెక్కలమాస్టారు

ముందు అంకెలు చూద్దాం. 2024 సెప్టెంబరు నుంచి విద్యార్థి వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ముందే సొమ్ము వేసి నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, చూపవలసినది ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992. యూరో వంద రూపాయలు దాటి ఉంది కాబట్టి ఒక్కరికి పన్నెండు లక్షలకు పైనే, ఇద్దరికి 23,808 యూరోలు, అంటే పాతిక లక్షల దరిదాపు. దాని మీద ఆ ప్రైవేటు కళాశాల ఫీజు మొదటి ఏడాదికే పది లక్షలు దాటుతుంది. మన చదువు కాగితాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ ఒక్కొక్కరికి 18,000 రూపాయలు, వీసా రుసుము ఒక్కొక్కరికి 75 యూరోలు, విశ్వవిద్యాలయాల తరఫున విదేశీ దరఖాస్తులను పరిశీలించే యూని-అసిస్ట్ సంస్థ ద్వారా చేసే మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, ఆ తర్వాతి ప్రతి దానికీ 30, పైన విమానం టిక్కెట్లు, ఇంటి డిపాజిట్. మొత్తం నలభై లక్షల దగ్గర తేలుతుంది. మీ దగ్గరున్నది 17. మిగిలినదంతా ఆ స్థలం మీదే పడుతుంది.

మీరు ఒక్కరే ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరితే 17 లక్షలలో మీ ఏర్పాట్లన్నీ పూర్తయి, ఇంకా కొంత చేతిలో ఉంటుంది. ఈ తేడా చూశాక కూడా ఇద్దరూ ఒకే విమానం ఎక్కాలనే పట్టుదల అవసరమా అన్నది మీ పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడవలసిన విషయం.

ఎల్బే_ఒడ్డున

నేను మాగ్డెబర్గ్‌లోనే ఉంటాను. మాస్టారి లెక్కతో ఏకీభవిస్తూ, కన్సల్టెంట్లు సాధారణంగా చెప్పని ఒక సంగతి చెబుతాను. ఇద్దరూ విద్యార్థులుగా రావలసిన అవసరమే లేదు. మీరు విద్యార్థి వీసా మీద రండి, మీ వారు జీవిత భాగస్వామిగా, అంటే అందరూ డిపెండెంట్ అనే వీసా మీద రావచ్చు. విద్యార్థికి ఉద్యోగంలో పరిమితి ఉంది, 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 అరపూట రోజులు. భాగస్వామికి ఆ పరిమితి లేదు. కుటుంబ కారణాల మీద ఇచ్చే నివాస అనుమతితో ఆయన మొదటి రోజు నుంచే పూర్తికాలం ఉద్యోగం చేసుకోవచ్చు. ఫీజు కట్టి విద్యార్థిగా వచ్చి వారానికి ఇరవై గంటలు పనిచేయడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం.

ఇంకో సంగతి ఏమిటంటే, అదే అనుమతి మీద చదువుకోవడానికీ అడ్డు లేదు. ఇక్కడికి వచ్చాక ఆయనకు ఏదైనా విశ్వవిద్యాలయంలో సీటు వస్తే వేరే బ్లాక్డ్ అకౌంట్ లేకుండానే చేరవచ్చు.

వరంగల్_వాసి

పై సలహా సగమే నిజం. ఇద్దరూ విద్యార్థులుగా వస్తే ఇద్దరి నివాస హక్కూ ఎవరిది వారిదిగా ఉంటుంది. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఇద్దరికీ విడివిడిగా వస్తుంది. డిపెండెంట్‌గా వచ్చిన మనిషి అనుమతి మాత్రం అవతలి మనిషి చదువు మీద వేలాడుతూ ఉంటుంది. మేమిద్దరం విద్యార్థులుగానే వచ్చాం, అప్పు చేసే వచ్చాం, తీర్చేశాం కూడా.

లెక్కలమాస్టారు

వరంగల్_వాసి గారూ, మీరిద్దరూ ఫీజు లేని విశ్వవిద్యాలయాలలో చదివారా, ప్రైవేటులోనా? బ్లాక్డ్ అకౌంట్ మొత్తం ఆ రోజుల్లో ఎంత ఉండేది?

వరంగల్_వాసి

ఇద్దరం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలోనే చదివాం. అప్పుడు ఏడాదికి 10,332 యూరోలు ఉండేది. కృష్ణాతీరం గారి వారికి ప్రైవేటు తప్ప వేరే మార్గం లేకపోతే నా వాదన బలహీనపడుతుందని ఒప్పుకుంటాను. నేను చెప్పేది ఇద్దరికీ ప్రభుత్వ సీట్లు వచ్చినవారి సంగతి.

పసుపుకొమ్ము

నేను ఎంటెక్ చదివి డిపెండెంట్‌గా వచ్చినదాన్ని, కాబట్టి ఆ వైపు నుంచి కూడా ఒక మాట వినండి. చట్టం పూర్తికాలం పనికి అనుమతిస్తుంది, కానీ జర్మన్ రాని మనిషికి దొరికే పని గోదాములో పెట్టెలు సర్దడం, హోటల్ గదులు శుభ్రం చేయడం, వంటింట్లో గిన్నెలు కడగడం. నేను పార్సెళ్ల గోదాములో తెల్లవారుజాము షిఫ్టు చేశాను. నాలుగు గంటలకు బెల్టు తిరగడం మొదలవుతుంది. వచ్చే పెట్టె మీద పిన్‌కోడ్ చూసి, దాన్ని ఎత్తి, ఆ వీధికి కేటాయించిన ఇనుప పంజరంలో వేయాలి. డిసెంబరులో పండుగ పార్సెళ్లు వచ్చినప్పుడు బెల్టు ఒక్క క్షణం ఆగదు, చేతికి తొడుక్కున్న గ్లవ్స్ వారానికొకసారి చిరిగిపోతాయి. ఆ పని నీచమని నేను అనడం లేదు, ఆ జీతంతోనే మా ఇంటి అద్దె నడిచింది. కానీ అలసి ఇంటికి వచ్చి జర్మన్ తరగతికి వెళ్లే ఓపిక ఉండేది కాదు, భాష రాకపోవడం వల్ల చదువుకు తగిన ఉద్యోగం దూరమవుతూ పోయింది. భాష మీద కూర్చున్నాకనే నా బతుకు మారింది, ఇప్పుడు డిజైన్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను.

అందుకే డిపెండెంట్‌గా రాబోయే వారికి, ఆడైనా మగైనా, నేను చెప్పేది ఒక్కటే. ఏ1 అనే జర్మన్ తొలి స్థాయి పరీక్ష వీసా కోసం రాసేది, దానితో ఆగిపోకండి. హైదరాబాదులోనే మూడో స్థాయి అయిన బి1 వరకు చదివి రండి. ఇక్కడ ఒక నెల అద్దెకు పెట్టే డబ్బుతో అక్కడ ఒక స్థాయి పూర్తవుతుంది.

రైన్_తీరం

పసుపుకొమ్ము గారు చెప్పినదానికి నా ఓటు కూడా. మెకానికల్ ఇంజనీరుకు బి2 ఉంటే దక్షిణ జర్మనీలోని చిన్నచిన్న కంపెనీలలో కూడా తలుపులు తెరుచుకుంటాయి, అది లేకపోతే అనుభవం ఎంత ఉన్నా దరఖాస్తు పక్కన పడుతుంది.

కృష్ణాతీరం

ఇందరు ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు, మా వారు కూడా నా పక్కనే కూర్చుని చదువుతున్నారు. మాకు రెండు సందేహాలు మిగిలాయి. డిపెండెంట్ వీసాకు డబ్బు ఎంత చూపాలి? ఇద్దరం ఒకేసారి దరఖాస్తు చేసుకోవచ్చా, లేక నేను ముందు వెళ్లాలా?

ఎల్బే_ఒడ్డున

డబ్బు విషయంలో విద్యార్థికి ఉన్నట్టు ఒకే అంకె అందరికీ వర్తించదు. ఇద్దరూ ప్రభుత్వ సహాయం అడగకుండా బతకగలరని చూపాలి, అద్దె, ఆరోగ్య బీమా, తిండి ఖర్చు కలిపి ఆ ఊరి విదేశీయుల కార్యాలయం లెక్క వేస్తుంది. దరఖాస్తు మన దేశంలో ఇచ్చినా ఆ కార్యాలయం సమ్మతి కావాలి, అందుకే డిపెండెంట్ వీసాకు విద్యార్థి వీసా కన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఇద్దరికీ సరిపడా ఇల్లు ఉందని కూడా అడుగుతారు. ఇంకా అడుగు పెట్టని ఊళ్లో అద్దె ఒప్పందం ఎక్కడి నుంచి తెస్తారు?

కాబట్టి ఆచరణలో సాఫీగా నడిచేది ఇది. మీరు అక్టోబరుకు ముందే వస్తారు, ఇల్లు చూసుకుంటారు, వర్కింగ్ స్టూడెంట్ ఉద్యోగమో, విశ్వవిద్యాలయంలో సహాయకురాలి పనో సంపాదిస్తారు. విశ్వవిద్యాలయంలో సహాయకురాలిగా చేసే పని ఆ 140 రోజుల లెక్కలోకి రాదని గుర్తుంచుకోండి. మీ జీతం చీటీలు, బ్లాక్డ్ అకౌంట్‌లో మిగిలిన సొమ్ము, అద్దె ఒప్పందం జతచేసి మీ వారు దరఖాస్తు పెడతారు. ఈలోపు ఆయన అక్కడ ఉద్యోగం చేస్తూ జీతం దాస్తారు, జర్మన్ నేర్చుకుంటారు. స్థలం పత్రాలు బీరువాలోనే ఉంటాయి.

ఒక హెచ్చరిక. భాగస్వామిగా వచ్చేవారికి ఏ1 సర్టిఫికెట్ మామూలుగా అడుగుతారు. డిగ్రీ ఉన్నవారికి కొన్ని సందర్భాలలో మినహాయింపు ఇస్తారు కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. హైదరాబాదులో గోథె సెంత్రుమ్ ఉంది, అక్కడే పరీక్ష రాయవచ్చు.

నిశ్చయతాంబూలం

చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు, నాది దాదాపు ఇదే పరిస్థితి. నాకు సీటు వచ్చేలా ఉంది, పెళ్లి కుదిరింది, ఇంకా కాలేదు. ఈ 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది, నిజ జ్యేష్ఠంలో ముహూర్తాలు దొరక్కపోతే ఆ వెనుకనే ఆషాఢం. పెద్దవాళ్లు వచ్చే ఏడాది సెలవులకు వచ్చినప్పుడు పెళ్లి చేద్దామంటున్నారు. ముందు వెళ్లి తర్వాత పెళ్లి చేసుకుంటే డిపెండెంట్ వీసాకు ఇబ్బంది ఉంటుందా?

ఎల్బే_ఒడ్డున

ఉంటుంది. విద్యార్థి నివాస అనుమతి మీద ఉన్నవారి భాగస్వామికి వీసా హక్కుగా రావాలంటే, ఆ అనుమతి ఇచ్చేనాటికే పెళ్లి అయి ఉండాలి, విద్యార్థి ఏడాదికి మించి ఉండబోతూ ఉండాలి. అనుమతి తీసుకున్నాక పెళ్లి చేసుకుంటే వీసా ఇవ్వడమా, మానడమా అన్నది కార్యాలయం విచక్షణ. వీలైతే పెళ్లి చేసుకునే బయలుదేరండి. వీసా దరఖాస్తులో కూడా వివాహితుడనే రాయండి.

గోదారిగట్టు

అయితే ముహూర్తం తర్వాత పెట్టుకుని, ముందు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఒక్కటి కానిచ్చేస్తే సరిపోతుంది కదా. మా బంధువులలో చాలామంది అలాగే చేశారు.

ప్లీడరు_గుమాస్తా

గోదారిగట్టు గారూ, ఆ సలహా మాత్రం ఎవరూ పాటించవద్దు. పెళ్లి తంతు జరగకుండా హిందూ వివాహ చట్టం కింద చేయించిన రిజిస్ట్రేషన్ చెల్లదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. విదేశాల వీసా కోసం ముందు కాగితాల మీద రిజిస్టర్ చేసి, పెళ్లి తర్వాత ఎప్పుడో చేసే అలవాటును ఆ తీర్పులో ప్రత్యేకంగా ప్రస్తావించి తప్పుపట్టింది. తర్వాత ఏదైనా తేడా వస్తే ఆ సర్టిఫికెట్ కోర్టులో నిలబడదు, దాని మీద తీసుకున్న వీసాకూ ముప్పే.

నిశ్చయతాంబూలం గారికి రెండు మంచి దారులున్నాయి. మొదటిది, అధిక మాసానికి ముందే వైశాఖంలో గుడిలో నలుగురి మధ్య మంగళసూత్రధారణ, సప్తపది జరిపించి, ఫోటోలు, పురోహితుడి పత్రంతో రిజిస్టర్ చేయించడం, రిసెప్షన్ ఎప్పుడు పెట్టుకున్నా ఫరవాలేదు. రెండవది ప్రత్యేక వివాహ చట్టం, దానికి తంతు అక్కరలేదు గానీ ముందుగా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. శుభలేఖలు, ఆల్బములు ఎన్ని పెట్టినా జర్మన్లు చూసేది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌నే.

నిశ్చయతాంబూలం

ఈ తీర్పు సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ రోజే నాన్నగారికి చూపిస్తాను. వైశాఖం అంటే ఆయన కాదనరు.

అక్షరదోషం

పెళ్లి సర్టిఫికెట్ మాట వచ్చింది కాబట్టి మన తెలుగువాళ్లకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటి చెబుతాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, బీటెక్ పట్టాలో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది లేదా పేరంతా ఒకే గడిలో ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్‌లో అమ్మాయికి పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. ఏపీఎస్ దగ్గర మొదలుపెట్టి విశ్వవిద్యాలయం, బీమా సంస్థ, బ్యాంకు, నగర కార్యాలయం దాకా ప్రతిచోటా ఇది ముల్లులా గుచ్చుకుంటుంది. ఏ దరఖాస్తూ మొదలుపెట్టక ముందే ఇద్దరి పాస్‌పోర్టులలో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, సొంత పేరు దాని గడిలో ఉండేలా సరిచేయించుకోండి. అన్ని చోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయండి.

రైన్_తీరం

ఇల్లు ఎవరూ ఇంకా వివరంగా ముట్టుకోలేదు, బడ్జెట్ నిలబడేదీ కూలేదీ అక్కడే. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఇద్దరికి చిన్న ఇల్లు దొరికితే నెలకు వెయ్యి యూరోలు దానికే పోతుంది. మాగ్డెబర్గ్, కెమ్నిట్జ్, ఇల్మెనౌ, జీగెన్ లాంటి ఊళ్లలో అందులో సగానికి కాస్త అటూఇటూగా ఇల్లు దొరుకుతుంది. ఊరి ఎంపిక సీటు ఎంపికంత ముఖ్యం. బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో యూరప్ బయటి విద్యార్థులకు 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోల ఫీజు ఉందని, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 చలికాలపు సెమిస్టరు నుంచి మాస్టర్స్‌కు సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 తీసుకుంటోందని కూడా లెక్కలో పెట్టుకోండి.

విద్యార్థి సంక్షేమ సంస్థల హాస్టళ్లలో జంటలకు కేటాయించిన ఫ్లాట్లు ఉంటాయి, అందరికీ తెలియదు. వరుస పొడవు కాబట్టి అడ్మిషన్ ఉత్తరం వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి. బయట ఇల్లు తీసుకుంటే డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదు, అదీ నీళ్లు, వెచ్చదనం ఖర్చులు కలపని అద్దె మీద. దాన్ని మూడు వాయిదాలలో కట్టే హక్కు కిరాయిదారుకు ఉంది. ఇల్లు చూడకుండా ఎవరికీ డబ్బు పంపవద్దు. తాను విదేశంలో ఉన్నానని, డిపాజిట్ పంపితే తాళంచెవి కొరియర్ చేస్తానని చెప్పేవాడు నూటికి నూరుపాళ్లు మోసగాడే. మా ఊళ్లో దిగిన ఒక జంట అలాగే రెండు నెలల అద్దె పోగొట్టుకుని, నవంబరు చలిలో రెండు సూట్‌కేసులతో నా గది ముందు నిలబడ్డారు.

ఇల్లు దొరికిన రోజే తలుపు గంట మీద, ఉత్తరాల డబ్బా మీద ఇద్దరి ఇంటిపేర్లూ అంటించండి. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరుగా ఉంటే రెండూ ఉండాలి. పేరు లేకపోతే పోస్టుమాన్ ఉత్తరాన్ని వెనక్కి తీసుకెళ్తాడు, ఇక్కడ పన్ను సంఖ్య, బ్యాంకు రహస్య సంఖ్య, బీమా కార్డు అన్నీ ఉత్తరంలోనే వస్తాయి. ఆ గడి రెండంగుళాలు ఉంటుంది, కాబట్టి మన పేర్లు సన్నటి అక్షరాలతో రాసి, వర్షానికి తడవకుండా పైన టేపు వేయండి. ఇంట్లో చేరిన రెండు వారాల లోపు నగర కార్యాలయంలో నమోదు చేసుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. ఆ సంతకం ఇవ్వనన్న ఇంటిని ఎంత చవకైనా వదిలేయండి.

మందులకొట్టు

ఆరోగ్య బీమా గురించి చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. ముప్పై ఏళ్లు దాటని విద్యార్థికి ప్రభుత్వ బీమా నెలకు 150 యూరోల దరిదాపు పడుతుంది. అందులో ఉంటే ఆదాయం లేని భార్యనో భర్తనో పైసా అదనంగా కట్టకుండా అదే బీమాలో చేర్చవచ్చు. కాన్పు ఖర్చులతో సహా అన్నీ అందులోనే వస్తాయి. భాగస్వామి నెలసరి ఆదాయం 2026లో 565 యూరోల లోపు ఉన్నంతవరకు, చిన్న ఉద్యోగమైతే 603 వరకు, ఈ వెసులుబాటు ఉంటుంది. పూర్తికాలం ఉద్యోగం దొరికితే ఆయన బీమా ఆయన జీతంలో నుంచే కోస్తారు.

నేను ఈ విషయం నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నెలకు వంద యూరోలు మిగులుతాయని చెప్పి కొందరు ఏజెంట్లు విద్యార్థులను ప్రైవేటు బీమాలో చేర్పిస్తున్నారు. ప్రైవేటు కోసం ఒకసారి ప్రభుత్వ బీమా నుంచి మినహాయింపు తీసుకుంటే చదువు ముగిసే వరకు మళ్లీ దానిలోకి రావడానికి వీలుండదు, ప్రైవేటులో భార్యకు వేరే, బిడ్డకు వేరే కట్టాలి. జంటగా ఉండబోయేవారు ఆ కాగితం మీద సంతకం పెట్టనే వద్దు.

పప్పుచారు

వంట సంగతి నేను చెబుతాను. బియ్యం, కందిపప్పు ఆసియా దుకాణంలో పెద్ద సంచులు కొనండి, కూరగాయలు, పాలు, పెరుగు ఆల్డి, లిడ్ల్ అనే చవక సూపర్‌మార్కెట్లలో తీసుకోండి. ఇద్దరు ఇంట్లోనే వండుకుంటే నెలకు 250 నుంచి 300 యూరోలలో కడుపునిండా తినవచ్చు. చింతపండు, ఆవకాయ, కారం, ఇంగువ ఇంటి నుంచి తెచ్చుకోండి, బియ్యం మోసుకురావద్దు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. నీళ్ల సీసాలు, డబ్బాలు పారేయకండి, ఒకసారి వాడి వదిలేసే రకాన్ని వెనక్కి ఇస్తే ఒక్కొక్కదానికి 25 సెంట్లు వస్తాయి.

లెక్కలమాస్టారు

పై పోస్టులన్నీ కలిపి మాగ్డెబర్గ్‌లో ఇద్దరి నెల ఖర్చు వేశాను. అద్దె అన్నీ కలిపి 500, బీమా 150, తిండి 300, ఫోన్లు 20, ఇంటికొకటిగా కట్టే రేడియో రుసుము 18.36, మీ వారికి దేశమంతా తిరిగే డోయిచ్‌లాండ్ టికెట్ 63. మీ ప్రయాణం సాధారణంగా సెమిస్టరు రుసుములో వస్తుంది. మొత్తం 1,050 పైచిలుకు. బట్టలు, మందులు, అనుకోని ఖర్చులు కలిపి 1,200 అనుకోండి. బ్లాక్డ్ అకౌంట్ నుంచి మీకు వచ్చేది 992. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు కాబట్టి మీరు వారానికి ఇరవై గంటలు పనిచేస్తే కోతలకు ముందు నెలకు 1,200కు కాస్త అటూఇటూగా వస్తుంది. మీ వారు అదే కనీస వేతనానికి వారానికి నలభై గంటలు చేసినా నెలకు 2,400, కోతలు పోగా 1,700 పైన. అంటే ఆయన వచ్చి ఉద్యోగంలో చేరిన నాటి నుంచి మీరు ఇంటికి డబ్బు పంపే స్థితిలో ఉంటారు, అప్పు అడిగే స్థితిలో కాదు.

దానితో పోలిస్తే కన్సల్టెంటు ప్లానులో మాగ్డెబర్గ్‌లో మీకొక గది, బెర్లిన్‌లో ఆయనకొక గది, రెండు బీమాలు, పైన ఫీజు. ఇద్దరూ కలిసి వెళ్లాలన్న పెద్దవాళ్ల కోరిక కూడా అందులో తీరదు, వేర్వేరు ఊళ్లలో ఉంటారు కదా.

కృష్ణాతీరం

ఆఖరి వాక్యం మా అత్తగారికి చదివి వినిపించాం. ఆవిడ వెంటనే, అయితే ఆ బెర్లిన్ మాట ఎత్తవద్దు అన్నారు.

వరంగల్_వాసి

మాస్టారి లెక్కలో ఒక చిన్న సవరణ. విద్యార్థిగా మొదటి సెమిస్టరులోనే వారానికి ఇరవై గంటలు పని దొరుకుతుందని, దొరికినా చేయగలరని అనుకోవద్దు. మొదటి ఆరు నెలలు బ్లాక్డ్ అకౌంట్ మీదే బతికేలా వేసుకోండి, పరీక్షలు పోతే అసలుకే మోసం. తిండి డెలివరీ చేసే కొన్ని యాప్‌లు స్వయం ఉపాధి పద్ధతిలో తీసుకుంటాయి, విద్యార్థి అనుమతి మీద ప్రత్యేక అనుమతి లేకుండా అది చేయకూడదు. ఒప్పందంలో ఉద్యోగి అని రాసి ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.

డిపెండెంట్ విషయంలో నా భయం కూడా పూర్తిగా పోలేదు. భాగస్వామికి సొంతంగా నివాస హక్కు రావాలంటే సాధారణంగా ఇక్కడ మూడేళ్లు కలిసి కాపురం ఉండాలి. కాబట్టి మీ వారు వచ్చాక సొంత చదువో, చదువుకు తగిన ఉద్యోగమో సంపాదించి వీలైనంత త్వరగా తన అనుమతిని తన పేరు మీద మార్చుకోవడం మంచిది.

పసుపుకొమ్ము

ఈ ఒక్క విషయంలో వరంగల్_వాసి గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. చదువుకు తగిన ఉద్యోగం మీద సొంత పేరున వచ్చే నివాస అనుమతి అయిన బ్లూ కార్డు నేను తీసుకున్న రోజున ఇంట్లో పండుగ చేసుకున్నాం.

బ్యాంకు_కౌంటరు

డబ్బు పంపేటప్పుడు గమనించవలసినది. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షల వరకు విదేశానికి పంపితే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, ఉండదు. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన విద్యారుణం నుంచి పంపే సొమ్ముకు అసలే లేదు. బ్లాక్డ్ అకౌంట్ మొత్తం పది లక్షలు దాటుతుంది కాబట్టి, స్థలం అక్కరలేని చిన్న విద్యారుణం తీసుకుని మిగిలినది అందులో నుంచి పంపే వీలుందేమో మీ బ్యాంకులో అడగండి. టీసీఎస్ కోసినా అది ఖర్చు కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది, కానీ ప్రయాణానికి ముందు చేతిలో డబ్బు ఆగిపోతుంది.

కృష్ణాతీరం

మేము తేల్చుకున్నది రాస్తున్నాను. నేను అక్టోబరుకు ఒక్కదాన్నే బయలుదేరుతాను. 17 లక్షలలో నుంచి బ్లాక్డ్ అకౌంట్, మిగిలినది డిపాజిట్‌కూ టిక్కెట్‌కూ. ఆయన ఉద్యోగం మానరు, వచ్చే నెల నుంచి సాయంత్రం జర్మన్ తరగతులలో చేరుతున్నారు, బి1 పూర్తిచేశాకే వస్తానంటున్నారు. మా పెళ్లి అప్పుడే రిజిస్టర్ అయింది గానీ అందులో నా ఇంటిపేరు పాస్‌పోర్టుతో కలవడం లేదని అక్షరదోషం గారి పోస్టు చదివాక గమనించాం. దాన్ని ఎక్కడ సరిచేయించాలి? పాస్‌పోర్టులోనా, సర్టిఫికెట్‌లోనా?

అక్షరదోషం

మీ పదో తరగతి, బీటెక్ సర్టిఫికెట్లు ఏ పేరుతో ఉన్నాయో దానికి దగ్గరగా ఉన్నదాన్ని ఉంచి రెండోదాన్ని మార్చండి. మీ చదువు కాగితాలన్నీ పుట్టింటి పేరుతో ఉంటే పాస్‌పోర్టు కూడా అదే పేరుతో ఉండనివ్వండి, పెళ్లయినంత మాత్రాన మార్చుకోవాలన్న నియమం ఏదీ లేదు. పాస్‌పోర్టులో భర్త పేరు మాత్రం చేర్పించండి. పెళ్లి సర్టిఫికెట్‌లో తప్పును రిజిస్టర్ చేసిన సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనే దిద్దించాలి. ఏపీఎస్‌కు పంపకముందే ఈ పని పూర్తిచేయండి.

ఎల్బే_ఒడ్డున

అడ్మిషన్ వచ్చిన రోజు ఇక్కడ రాయండి, జంటల ఫ్లాటుకు దరఖాస్తు ఎక్కడ పెట్టాలో పంపుతాను. సెప్టెంబరు చివరలో దిగితే స్టేషనుకు వచ్చి తీసుకెళ్తాను, బెర్లిన్ నుంచి ప్రాంతీయ రైలు నేరుగా మాగ్డెబర్గ్ వస్తుంది.